డోర్‌నాబ్ చేసిన బొక్కకి డ్రైవాల్ ప్యాచ్ కిట్: ఐదుకి మూడు స్టార్లు

మాది డల్లాస్ పక్కన ఫ్రిస్కో. పిల్లల గదిలో తలుపు వెనక ఉండే స్టాపర్ ఊడిపోయింది. ఓ రోజు మావాడు తలుపు తోసిన తోపుకి నాబ్ వెళ్లి గోడలో దిగబడింది. తెనాలి నుంచి వచ్చిన అమ్మ అందులోకి టార్చి వేసి చూసి, "ఈ గోడలో ఇటుకే లేదేంట్రా!" అంది. నిజమే. అరంగుళం మందం జిప్సం బోర్డు (డ్రైవాల్ అంటే ఇదే), దాని వెనక పదహారు అంగుళాలకో కర్ర, మధ్యలో అంతా ఖాళీ.

హ్యాండీమ్యాన్‌ని పిలిస్తే చిన్న పనికైనా కనీస చార్జీ ఇచ్చుకోవాలి. అందుకని కిట్ కొన్నాను. జిగురున్న అల్యూమినియం జాలీ, చిన్న డబ్బా స్పాకిల్ (బొక్కలు పూడ్చే మెత్తటి పుట్టీ), ప్లాస్టిక్ పుట్టీ నైఫ్, శాండ్‌పేపర్ ముక్క, అంతే. అట్ట మీద బొమ్మలు చూస్తే కాఫీ తాగేలోపు అయిపోయే పనిలా ఉంటుంది.

జాలీకి వంక పెట్టను. బాగా అతుక్కుంది, గట్టిగా ఉంది. కాకపోతే అతికించే ముందు బొక్క చుట్టూ పైకి లేచిన కాగితం అంచుల్ని కత్తితో కోసెయ్యాలి. ఆ సంగతి అట్ట మీద లేదు.

అసలు తంటా స్పాకిల్‌తో. మేకు బొక్కలకైతే అది చాలు. ఇక్కడ జాలీ గోడ కంటే కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి, ఆ ఉబ్బు కనబడకుండా చుట్టూ అడుగు వెడల్పు దాకా పలచగా లాగాలి, పెనం మీద దోసె పిండి తిప్పినట్టు అంచులకి వచ్చేసరికి ఏమీ మిగలకూడదు. రెండు మూడు పూతలు తప్పవు. కిట్‌లోని బుల్లి నైఫ్‌తో ఆ పని కాదు, గీతలు గీతలుగా పడుతుంది. స్పాకిల్ మందంగా పెడితే పైన ఆరినట్టే ఉంటుంది, లోపల మెత్తగానే ఉంటుంది.

చివరికి దాన్ని పక్కన పడేసి ఈజీ శాండ్ 45 అనే కాంపౌండ్ పొడి (ఇదీ గోడకి పూసే పుట్టీ లాంటిదే), ఆరంగుళాల స్టీలు నైఫ్ తెచ్చాను. ఇది నీళ్లు కలిపితే ముప్పావుగంట అటూఇటూగా దానంతటదే గట్టిపడుతుంది, గాలికి ఆరేదాకా ఆగక్కర్లేదు. కొంచెం కొంచెమే కలుపుకోవాలి, గిన్నె వెంటనే కడిగెయ్యాలి. ఇంత చిన్న బొక్కకి బస్తా పొడి కొనాలా అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

గోడ నున్నగా వచ్చింది. అదే మళ్లీ సమస్య! టెక్సస్ ఇళ్లలో చాలా చోట్ల గోడ నున్నగా ఉండదు, కమలాపండు తొక్కలా సన్నగా గరుకుగా ఉంటుంది. దానికి వేరే స్ప్రే డబ్బా. ముందు అట్టముక్క మీద కొట్టి చూసుకుంటూ నాజిల్ తిప్పుకోవాలి, లేకపోతే గోడ మీద పెద్ద పెద్ద చుక్కలు పడతాయి. ఆ తర్వాత ప్రైమర్ వెయ్యకపోతే ఆ కాంపౌండ్ రంగుని పీల్చేసుకుని, పక్క నుంచి వెలుతురు పడినప్పుడు మచ్చ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇన్నీ చేశాక బిల్డర్ వదిలేసి వెళ్లిన పాత పెయింట్ డబ్బా తీసి రాస్తే షేడ్ కలవలేదు, గోడ మీద రంగు ఇన్నేళ్లలో వెలిసిపోయింది మరి. ఆ మూల నుంచి ఈ మూల దాకా గోడ మొత్తం వేశాం.

మూడు స్టార్లూ జాలీకే. అది విడిగా దొరుకుతుంది, కిట్ అక్కర్లేదు. అద్దె అపార్ట్‌మెంట్ ఖాళీ చేసే ముందు రోజు రాత్రి డిపాజిట్ కోసం ఇది కొందామనుకునేవాళ్లు మాత్రం ఆగండి, పూతలు ఆరడానికే ఆ రాత్రి చాలదు. గోడ నున్నగా ఉండి, బొక్క అలమర వెనకో మంచం వెనకో ఉంటే కిట్ ఒక్కటే సరిపోతుంది. తలుపుకి స్టాపర్ కూడా అదే షాపులో, అదే వరసలో ఉంటుంది.