ఆరేళ్లు వాడిన ప్రీమియం క్రెడిట్ కార్డు: రుసుమును 100 అనుకుని వేసిన లెక్క

ఏటా పెద్ద రుసుము తీసుకుని, బదులుగా పాయింట్లు, విమానాశ్రయ లాంజ్‌లు, ప్రయాణ బీమా, రకరకాల వోచర్లు ఇచ్చే ప్రీమియం క్రెడిట్ కార్డును నేను సరిగ్గా ఆరేళ్లు వాడాను. ఐదు నెలల కిందట దాన్ని అదే బ్యాంకువారి రుసుము లేని కార్డుకు మార్చుకున్నాను. కార్డు తీసుకున్న రోజు నుంచి ఒక నోటు పుస్తకంలో లెక్క రాసుకుంటూ వచ్చాను కాబట్టి ఈ సమీక్షకు ఆధారం నా జ్ఞాపకం కాదు, ఆ పుస్తకం. డబ్బు దేశానికో తీరు, రుసుము కార్డుకో తీరు. అందువల్ల పన్నుతో కలిపి ఏడాది రుసుమును 100 అనుకుని, మిగతా అంకెలన్నీ ఆ కొలతలోనే చెబుతాను. కార్డు మీద నా ఏడాది ఖర్చు సుమారు 3000, అంటే రుసుముకు 30 రెట్లు. ఈ నిష్పత్తి మీది వేరైతే ఫలితం కూడా వేరవుతుంది.

పుస్తకంలో ప్రతి ప్రయోజనానికీ రెండు గడులు ఉన్నాయి. మొదటి గడిలో బ్యాంకు చెప్పిన విలువ రాశాను. రెండో గడిలో, ఈ కార్డే లేకపోతే ఇదే సౌకర్యానికి నా జేబులోంచి ఎంత పెట్టేవాడినన్నది రాశాను. నిజానికి మొదటి ఏడాది నేను మొదటి గడి ఒక్కటే నింపాను, ఆ ఏడాది చివర కార్డు నాకు బంగారు బాతులాగే కనిపించింది. రెండో గడి గీసిన తర్వాతే దాని అసలు బరువు తెలిసింది. ఈ కార్డుల విషయంలో నేను నేర్చుకున్నదంతా ఆ రెండు గడుల మధ్య తేడాలోనే ఉంది.

ముందుగా వోచర్ల సంగతి. బ్యాంకు పంపిన కరపత్రం ప్రకారం వాటి విలువ ఏడాదికి 70. చూడగానే రుసుములో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చేసినట్లు అనిపిస్తుంది. కానీ ఆ 70 ఒక్కసారిగా చేతికి రాదు. సగానికి పైగా నెలనెలా చిన్న ముక్కలుగా వస్తుంది, ఆ నెలలో వాడకపోతే మురిగిపోతుంది. కొన్ని ఫలానా సంస్థలో కొంటేనే చెల్లుతాయి, ఇంకొన్ని నేను ఎన్నడూ తీసుకోని చందాలకు వర్తిస్తాయి. ఒక ఏడాది నెలాఖరు రాత్రి పదకొండున్నరకు ఫోన్ పట్టుకుని, ముక్క వోచరు పోతుందన్న తొందరలో, అవసరం లేని వస్తువును వోచరు విలువకు మూడు రెట్లు పెట్టి కొన్నాను. ఆ వస్తువు పెట్టెలోంచి బయటికి రాలేదు. మొదటి గడిలో ఆ కొనుగోలు లాభంగానే నమోదైంది, రెండో గడిలో నష్టం. ఎలాగూ పెట్టబోయే ఖర్చుకు సరిపోయిన వోచర్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, 70 కాస్తా సగటున 22కు దిగింది.

పాయింట్ల లెక్కలో చాలామంది చేసే పొరపాటు నేనూ చేశాను. ఏడాదిలో వచ్చిన పాయింట్లను జాగ్రత్తగా వాడితే వాటి విలువ నా ఖర్చులో 2.2 శాతం, అంటే 66. దీన్ని 100 రుసుముతో పోల్చి, మిగిలిన 34ను లాంజ్ ఒక్కటే పూడ్చేస్తుందని సంబరపడ్డాను. కానీ పోల్చవలసింది సున్నాతో కాదు. రుసుము ఏమీ తీసుకోకుండా ప్రతి ఖర్చు మీద 1.5 శాతం నగదుగా వెనక్కి ఇచ్చే మామూలు కార్డు నాకు అప్పటికే దొరికేది. దాని మీదే మొత్తం ఖర్చు పెట్టి ఉంటే 45 వచ్చేది. కాబట్టి ప్రీమియం కార్డు పాయింట్ల రూపంలో నాకు అదనంగా ఇచ్చింది 66 కాదు, 21 మాత్రమే. తేడా 0.7 శాతం అయినప్పుడు, పాయింట్ల మీదే రుసుము రాబట్టాలంటే ఏడాదికి రుసుముకు దాదాపు 143 రెట్లు ఖర్చు చేయాలి. నేను చేసేది 30 రెట్లు. ఈ ఒక్క భాగహారం కార్డు తీసుకోక ముందే చేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ 2.2 శాతం కూడా ఊరికే రాదు. అవే పాయింట్లను బ్యాంకు కేటలాగులోని వస్తువులకు వాడితే విలువ సగానికి పడిపోతుంది, బిల్లులో సర్దుబాటు చేయించుకుంటే దానికంటే కొంచెం నయం, విమానయాన సంస్థలు టికెట్లకు బదులుగా తీసుకునే వాటి సొంత పాయింట్లుగా, అంటే మైళ్లుగా మార్చి సరైన టికెట్టు పట్టుకుంటేనే పూర్తి విలువ. ఆ సరైన టికెట్టు కోసం నేను రెండేళ్లు పాయింట్లు కూడబెట్టాను. నేను చూసుకున్న ప్రయాణానికి 60,000 మైళ్లు కావాలి. నా దగ్గర 54,000 పోగయిన నెలలో, అదే సీటుకు ఇకపై 78,000 కావాలని ఒక చిన్న మెయిల్ వచ్చింది. అంటే నేను దాచుకున్న ప్రతి పాయింటు విలువలో దాదాపు 23 శాతం ఒక్క రాత్రిలో తగ్గింది. ఇది నా ఒక్కడి దురదృష్టం కాదు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన మైళ్ల పథకం మొదలుపెట్టిన తర్వాత చాలా సంస్థలు ఏ టికెట్టుకు ఎన్ని మైళ్లు కావాలో దూరాన్నో ప్రాంతాన్నో బట్టి చెప్పే స్థిరమైన పట్టికలు ప్రకటించేవి. 2015లో డెల్టా ఎయిర్‌లైన్స్ తన వెబ్‌సైటు నుంచి ఆ పట్టికలను తీసేసింది, తర్వాత మరికొన్ని సంస్థలు అదే దారి పట్టాయి. పట్టిక లేనిచోట మైలు విలువ ఆ రోజు వాళ్లు చెప్పిందే. పాయింట్లు బ్యాంకులో డబ్బులా వడ్డీ తేవు, విలువ తగ్గినా అడిగే హక్కు ఉండదు. అందుకే ఆ మెయిల్ తర్వాత నేను పాయింట్లను ఏడాదికి మించి ఉంచుకోలేదు.

అసలు ఈ పాయింట్ల డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకున్నాక నా ఆలోచన కొంత మారింది. మనం కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు తన సొమ్ములో కొంత శాతం వదులుకుంటాడు, అందులో పెద్ద భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఇంటర్‌చేంజ్ రుసుముగా చేరుతుంది. పాయింట్లకు ఒక మూలం అది. యూరోపియన్ యూనియన్‌లో 2015 డిసెంబరు నుంచి వ్యక్తిగత క్రెడిట్ కార్డుల మీద ఈ రుసుమును 0.3 శాతానికి పరిమితం చేశారు. బ్యాంకుకు వచ్చేదే అంత అయినప్పుడు 2 శాతం పాయింట్లు ఎవరు ఇవ్వగలరు? మరో మూలం, బిల్లు పూర్తిగా కట్టలేనివాళ్లు చెల్లించే వడ్డీ. నాకు దక్కిన ఉచిత టికెట్టులో ఎవరి కష్టమో కొంత ఉందన్న సంగతి నన్ను బాధించిన మాట నిజం.

ఆ వడ్డీ ఎలాంటిదో నాకూ ఒకసారి తెలిసింది. మూడో ఏడాది నా జీతం ఖాతా మారింది, కార్డుకు కలిపి ఉన్న ఆటో డెబిట్‌ను కొత్త ఖాతాకు మార్చడం మరిచిపోయాను. గడువు దాటిన పదకొండో రోజున గమనించి వెంటనే కట్టాను. అప్పటికే ఆలస్య రుసుము పడింది, బాకీ మొత్తం మీద కొన్న తేదీ నుంచీ వడ్డీ లెక్కగట్టారు, అంతకంటే ముఖ్యంగా ఆ నెలలో కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు రద్దయింది. అన్నీ కలిపి 17. ఏడాది పొడవునా పాయింట్ల మీద అదనంగా సంపాదించేదాంట్లో ఐదింట నాలుగు వంతులు ఒక్క మరుపుతో పోయాయి. నా కార్డు మీద వడ్డీ నెలకు 3 శాతం. వినడానికి చిన్నదే, కానీ చక్రవడ్డీగా ఏడాదికి 42.6 శాతం అవుతుంది. నెల బిల్లు పూర్తిగా కట్టే అలవాటు లేనివారికి ఈ సమీక్షలోని మిగతా విషయాలేవీ పనికిరావు. ఏ పాయింట్లూ ఆ వడ్డీని అందుకోలేవు.

లాంజ్ దగ్గర నా అనుభవం రెండు రకాలుగా ఉంది. తొలి రెండేళ్లు అది నిజంగా సుఖాన్నిచ్చింది. విమానం నాలుగు గంటలు ఆలస్యమైన ఒక రాత్రి స్నానం చేసి, వేడిగా తిని, ఫోన్ ఛార్జింగు పెట్టుకుని నిద్రపోయాను. దాని విలువను నేను తగ్గించి చెప్పను. అయినా ఒక్కో సందర్శనకు బ్యాంకు చెప్పే ధరను కాకుండా, బయట నేను తినబోయే భోజనం ధరను రెండో గడిలో రాశాను, బాగా ప్రయాణించిన ఏడాదిలో అది 24 నుంచి 27 దాకా వచ్చింది. తర్వాత తర్వాత లాంజ్ బయట వరుసలు మొదలయ్యాయి, బోర్డింగుకు మూడు గంటల లోపు వస్తేనే లోపలికి అన్నారు, ఐదో ఏడాది వెంట వచ్చేవారికి ఉచిత ప్రవేశం తీసేశారు. ఆ మార్పు నాకు అమ్మను తీసుకెళ్లిన రోజున తెలిసింది. కౌంటరు దగ్గర ఆవిడకు విడిగా డబ్బు కట్టాలన్నారు. నేను కార్డు తీయబోతుంటే, "అంత డబ్బెందుకు నాయనా, నువ్వు వెళ్లి తినిరా, నేనిక్కడ కూర్చుంటాను" అంది అమ్మ. ఇద్దరం గేటు దగ్గరికి వెళ్లి, ఆవిడ సంచిలోంచి తీసిన డబ్బా విప్పుకుని తిన్నాం. ఆ రోజు పుస్తకంలో లాంజ్ గడిలో సున్నా రాశాను.

ఈ కార్డు నిస్సందేహంగా తన డబ్బుకు న్యాయం చేసినవి రెండే. మొదటిది, విదేశీ కరెన్సీలో చెల్లింపు. నా మామూలు కార్డు దాని మీద 3 శాతం అదనంగా వేస్తుంది, దీని మీద ఏమీ లేదు. విదేశంలో 600 ఖర్చు చేసిన ఏడాది అచ్చంగా 18 మిగిలింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చెల్లించేటప్పుడు యంత్రం తెర మీద మీ సొంత కరెన్సీలో కడతారా, స్థానిక కరెన్సీలో కడతారా అని అడుగుతుంది. సొంత కరెన్సీ అంకె తెలిసినట్లు కనిపిస్తుంది కాబట్టి వేలు అటే వెళ్తుంది. దాన్ని నొక్కితే మారకం రేటును అక్కడివాళ్లే, తమ లాభం కలుపుకుని నిర్ణయిస్తారు, మన కార్డుకున్న మినహాయింపు వృథా అవుతుంది. ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి.

రెండోది బీమా. నాలుగో ఏడాది నా సామాను రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది, ఆ రెండు రోజులకు కొనుక్కున్న బట్టలు, మందుల ఖర్చు 35 వెనక్కి వచ్చింది. కాకపోతే అది వచ్చిన తీరు తెలుసుకోవాలి. విమానాశ్రయం వదిలే ముందే విమానయాన సంస్థ దగ్గర సామాను రాలేదని రాతపూర్వకంగా నమోదు చేయించి ఆ కాగితం తీసుకోవాలి, ప్రతి రసీదూ దాచాలి, టికెట్టు ఆ కార్డు మీదే కొన్నట్లు స్టేట్‌మెంట్ చూపాలి. నేను కాగితం తీసుకోవాలని వరుసలో పక్కనున్న ప్రయాణికుడు చెబితేనే తెలిసింది. దరఖాస్తు నుంచి డబ్బు చేతికి వచ్చేసరికి ఏడు వారాలు పట్టింది, అదే రసీదును రెండుసార్లు అడిగారు. అయినా వచ్చింది, ఇచ్చిన మాట నిలబడింది.

లెక్కలోకి రానిది ఒకటుంది. కార్డు చేతిలో ఉంటే ఖర్చు పెరుగుతుందా? అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో, క్రీడా టికెట్ల వేలంలో క్రెడిట్ కార్డుతో కట్టాలన్నవాళ్లు నగదు కట్టాలన్నవాళ్లకంటే చాలా ఎక్కువకు, ఒక సందర్భంలో రెట్టింపుకు పైగా, పాడారు. నా విషయంలో ఇది వెల్‌కమ్ బోనస్ సమయంలోనే స్పష్టంగా కనిపించింది. మొదటి మూడు నెలల్లో నిర్ణీత మొత్తం ఖర్చు చేస్తే బోనస్ అన్నారు, గడువుకు పది రోజుల ముందు ఇంకా కొంత తక్కువైంది. ఎలాగూ కట్టవలసిన బీమా ప్రీమియం ముందే కట్టడం మంచి పనే, కానీ బాగానే పనిచేస్తున్న ఫోన్‌ను మార్చడం మాత్రం ఆ గడువు చేయించిన పని.

ఇక మొత్తాలు. బోనస్‌తో కలిపి మొదటి ఏడాది నాకు నిజంగా దక్కిన విలువ 190. రెండో ఏడాది 88, ప్రయాణాలు దాదాపు లేని మూడో ఏడాది 41, బీమా డబ్బు వచ్చిన నాలుగో ఏడాది 120, ఐదో ఏడాది 68, ఆరో ఏడాది 62. ఆరేళ్లకు 600 కట్టి 569 పొందాను, ఆ 17 వడ్డీ వేరు. బోనస్ ఒక్కసారే వస్తుంది కాబట్టి మొదటి ఏడాదిని పక్కన పెట్టి చూస్తే, 500 కట్టి 379 పొందాను. ఐదో ఏడాది అంకెలో 30, కార్డు మూసేస్తానని ఫోన్ చేసినప్పుడు ఆపడానికి ఇచ్చిన పాయింట్లవి. ఆరో ఏడాది అదే ఫోన్‌కు క్షమాపణ తప్ప ఏమీ రాలేదు.

మూసేయకుండా రుసుము లేని కార్డుకు మార్చుకోవడం వల్ల పాత ఖాతా వయసు, రుణ పరిమితి అలాగే ఉన్నాయి. మార్చే ముందు పాయింట్లన్నీ మైళ్లుగా మార్చుకున్నాను, లేకపోతే సగం చెల్లకుండా పోయేవి. ఏటా మూడు నాలుగు విదేశీ ప్రయాణాలు సొంత డబ్బుతో చేస్తూ, నెల బిల్లు ఎన్నడూ మిగల్చని వ్యక్తి ఎవరైనా అడిగితే ఈ కార్డు తీసుకోమనే చెబుతాను. నాలుగో ఏడాదిలాంటి జీవితం నాది అయి ఉంటే నేనూ ఉంచుకునేవాడిని. ఏడాదికి ఒకటో రెండో ప్రయాణాలు చేసే నాలాంటివారికి, ముందే ఖాయంగా కట్టే 100కు బదులుగా వచ్చేవన్నీ "అయితే", "కుదిరితే" అన్న షరతుల మీదే ఉన్నాయి.

పుస్తకం ఇంకా రాస్తూనే ఉన్నాను. రుసుము లేని ఈ ఐదు నెలల్లో రెండుసార్లు డబ్బు కట్టి లాంజ్‌లోకి వెళ్లాను, రెండోసారి అమ్మ కూడా వచ్చింది. మూడు ప్రవేశాలకూ కలిపి 11 అయింది.