పదకొండు వేల ఎయిర్ రైఫిల్: దేని మీద ఖర్చు పెట్టాలి, దేని మీద వద్దు

మన దేశంలోనే తయారైన .177 బోర్ (అంటే బ్యారెల్ గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో) ఎయిర్ రైఫిల్ ఇది. బ్యారెల్ వంచితే లోపల స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ లాగగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది, ఆ గాలి పెల్లెట్‌ను, అంటే చిన్న సీసపు గుండును, తోస్తుంది. చెన్నైలో కొన్నాను, పదకొండు వేల చిల్లర అయింది. కంపెనీ పేరు రాయడం లేదు. లైసెన్సు అక్కర్లేదు: 2016 ఆయుధ నియమాల ప్రకారం బోర్ .177 దాటకుండా, శక్తి 20 జౌళ్లు మించకుండా ఉంటే చాలు. షాపులో ఆధార్ జిరాక్స్ మాత్రం తీసుకున్నారు.

చంద్రగిరి దగ్గర మా స్థలంలో పది మీటర్లు కొలిచి, ఇసుక బస్తాల ముందు పేపర్ టార్గెట్ పెట్టాను. మొదటి దెబ్బలకు టపాకాయ లాంటి శబ్దం, బ్యారెల్‌లోంచి పొగ, మాడిన నూనె వాసన. కొత్త తుపాకీలో ఇది మామూలే. ఫ్యాక్టరీలో పూసిన నూనె, పిస్టన్ నొక్కిన గాలి వేడికి అంటుకుంటుంది, కొంత వాడితే తగ్గిపోతుంది. ఆ చప్పుడుకి పక్క స్థలం ఆయన గోడ మీంచి తొంగి చూసి, "కోతులకా సార్?" అన్నారు. తిరుపతిలో ఎయిర్ గన్ కొన్నవాడికి తప్పని ప్రశ్న ఇది. బంగారుపాళెంలో మామిడి తోట ఉన్న మా తోడల్లుడు ఇంకో అడుగు ముందుకేసి, "పందులకు ఆగుతుందా అన్నా?" అన్నాడు. ఆగదు. ఈ పెల్లెట్ అడవిపందిని చంపదు, గాయం చేసి బాధపెడుతుంది. పైగా అటవీ శాఖ కేసు. తోటకు కావాల్సింది సోలార్ కంచె. ఇది కాగితం మీద కాల్చడానికి.

కాగితం మీద మాత్రం బాగుంది. కాలేజీలో ఎన్.సి.సి. .22 రైఫిల్ పట్టినట్టే దీన్నీ భుజానికి గట్టిగా అదిమి పడితే గుండు ఎటో పోతుంది. స్ప్రింగ్ తుపాకీ ముందు వెనక్కి తంతుంది, పిస్టన్ ఆగగానే ముందుకు లాగుతుంది. అందుకే ఎడమ అరచేతిలో ఊరికే ఆనించి, దాని కుదుపు దానికి వదిలేయాలి. అలా పట్టుకున్నాక కాగితం మీద రంధ్రాల గుంపు రూపాయి బిళ్లంత అయింది. పోటీల్లో పది మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఆ చుక్క మీదే. ఆ రైఫిళ్లు వేరు, వాటి ఖరీదు వేరు. అయినా ఇంటర్ చదివే మా అమ్మాయికి సాధన మొదలుపెట్టడానికి ఇది చాలు. బ్యారెల్ వంచడం ఒక్కటే తనకు కష్టం, నేను వంచి ఇస్తున్నాను.

నచ్చనిది స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి. "ఫ్రీ సార్" అంటూ అంటగట్టారు. పది మీటర్లలో టార్గెట్ మసకగా కనబడుతుంది. ముందూ వెనకా కుదుపులకు నాలుగు రోజుల్లో దాన్ని పట్టి ఉంచే మౌంట్ జరిగిపోయింది, లోపల గురి చూసే అడ్డగీత వంకర తిరిగింది. ఊడదీసి పక్కన పడేశాను.

ఇక అప్‌గ్రేడ్లు. ముందు పెల్లెట్లు మార్చండి. తలకాయ చదునుగా ఉండే మంచి రకం కాగితానికి గుండ్రటి రంధ్రం వేస్తుంది, పాయింట్లు లెక్కపెట్టడం తేలిక. రెండు మూడు రకాల డబ్బాలు కొని, మీ బ్యారెల్‌కు ఏది నప్పుతుందో చూసుకోండి. తర్వాత స్టాక్ (భుజానికి ఆనించే మొద్దు) స్క్రూలు: కుదుపుకి వదులవుతాయి, వాటికి లాక్ చేసే జిగురు ఒక చుక్క చాలు. ట్రిగ్గర్ బాగా గట్టిది. దానికిచ్చిన స్క్రూ తిప్పినంత వరకే తేలిక చేశాను. లోపలి కొక్కేన్ని అరగదీయించుకుంటే బ్యారెల్ వంచి ఉండగానే పేలొచ్చు, వేళ్లు తెగుతాయి. పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్‌ను ఎప్పుడూ పట్టుకునే ఉండాలి. పెల్లెట్ లేకుండా ఊరికే కాల్చకండి, పిస్టన్ దెబ్బతింటుంది.

"పవర్ స్ప్రింగ్" వేయిస్తామని చెప్పేవాళ్లున్నారు. వద్దు. 20 జౌళ్లు దాటితే లైసెన్సు లేని ఆయుధం మీ ఇంట్లో ఉన్నట్టే. పది మీటర్లకు ఆ బలం దేనికి?

మన ఎండకు చేతి చెమట ఇనుమును త్వరగా తినేస్తుంది, కాల్చిన ప్రతిసారీ నూనె గుడ్డతో తుడుస్తున్నాను. తర్వాత కొనేది పది మీటర్లకు ఫోకస్ కుదిరే, స్ప్రింగ్ తుపాకుల కోసమే చేసిన స్కోప్. అది వచ్చేదాకా తుపాకీతో వచ్చిన ఇనుప సైట్లే (బ్యారెల్ మీద గురి చూసే గుర్తులు).