విజయనగరం: రాత్రి బస చేసి చూడవలసిన ఊరు

విశాఖపట్నానికి విజయనగరం సుమారు 60 కిలోమీటర్ల దూరంలోనే ఉండడం వల్ల ఈ ఊరికి ఒక నష్టం జరుగుతోంది. విశాఖ చూడడానికి వచ్చినవారు ఒక పూట ఇటు వచ్చి, కోట గుమ్మం ముందు ఫొటో దిగి, పైడితల్లి అమ్మవారిని దర్శించుకుని, వీలైతే రామతీర్థం కూడా చూసుకుని, చీకటి పడకముందే తిరుగు బస్సు ఎక్కేస్తారు. 1713లో పునాది పడిన కోటకూ, 1885 నాటి గంటస్తంభానికీ ఒక పూట చాలు. కానీ ఈ ఊరిని కళల ఊరని ఎందుకంటారో తెలియాలంటే సాయంత్రం అయిదు దాటాక ఇక్కడ ఉండాలి. సంగీత సాధన, నాటకాల రిహార్సళ్ళు, బొమ్మల ప్రదర్శనలు, కుర్రవాళ్ళు సొంత డబ్బుతో తీసుకున్న చిన్న సినిమాల ప్రదర్శనలు, అన్నీ పగటి పనులు ముగిశాకే మొదలవుతాయి, ఎందుకంటే వాటిని నడిపేవారు పగలు బడిపంతుళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, మందుల షాపులవాళ్ళు, కాలేజీ విద్యార్థులు. అందుకే ముందుగా బస సంగతి చెబుతాను.

రైల్వే స్టేషను దగ్గరి లాడ్జీలు చవక. గదులు చిన్నవైనా దుప్పట్లు శుభ్రంగానే ఇచ్చారు, ఉదయం అడిగితే బకెట్టుతో వేడినీళ్ళు తెచ్చిపెట్టారు. హౌరా-చెన్నై లైనూ రాయపూర్ లైనూ కలిసే జంక్షన్ కాబట్టి రాత్రంతా బండ్ల చప్పుడు ఉంటుంది, నిద్ర తేలిక అయినవారికి ఆ గదులు పనికిరావు. ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు ఉన్న హోటళ్ళలో ఏసీ గదులు, లిఫ్టు, 24 గంటల చెకౌట్ ఉన్నాయి, అద్దె దాదాపు రెట్టింపు. నేను రెండు చోట్లా ఉన్నాను కనుక చెబుతున్నాను: పెద్దవాళ్ళతో వచ్చేవారు రెండోది తీసుకోవాలి. అయితే మేము దిగిన హోటల్లో రాత్రి పదిన్నరకు గేటు వేసేశారు, నాటకం చూసి వచ్చిన మేము వాచ్‌మన్ నిద్ర లేచేదాకా వీధిలో నిలబడవలసి వచ్చింది. గది తీసుకునేటప్పుడే ఆలస్యంగా వస్తామని కౌంటర్లో చెప్పి ఉంచుకోవడం మంచిది.

ఊళ్ళో మొదట వెళ్ళవలసింది కోటకు కాదు, మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు. 1919లో ఇక్కడి సంస్థానాధీశుడు విజయరామ గజపతి దీనిని స్థాపించారు. ఆస్థానంలోని ఒక ఉద్యోగి కుమారుడు చూపులేనివాడైతే, ఆ అబ్బాయికి సంగీతం చెప్పించాలన్న ఆలోచన నుంచే కళాశాల పుట్టిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయింపు విని ఆయననే వయొలిన్ ఆచార్యుడిగా తీసుకున్నారు, తరవాత 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల ఇక్కడే చదువుకున్నారు, ఈ ఊళ్ళోనే పుట్టిన పి. సుశీల కూడా ఇక్కడే సంగీతం నేర్చుకున్నారు. తెలుగు సినిమా పాట ఎక్కడ తర్ఫీదు పొందిందో చూడాలనుకునేవారికి ఇంతకన్నా దగ్గరి చోటు లేదు.

మేము వెళ్ళిన సాయంత్రం ఒక గదిలో మృదంగం, పక్క గదిలో వయొలిన్, వరండా చివర చిన్నపిల్లల సరళీ వరుసలు ఒకేసారి వినిపించాయి. ఇది ప్రదర్శనశాల కాదు, పాఠాలు జరిగే చోటు. ఆఫీసులో అనుమతి అడిగి, చెప్పులు విడిచి, తలుపు దగ్గర నిలబడి వింటే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఒక వయొలిన్ మాస్టారు పది పన్నెండేళ్ళ అమ్మాయి చేత ఒక్క గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించే పద్ధతిని, ఎన్నోసార్లు వాయింపజేశారు. వేలు జారవలసిన చోట ఆ పిల్ల వేలు ఎత్తి పెడుతోంది. ఆయన కోప్పడలేదు, ఆమె చూపుడువేలిని తన వేళ్ళతో పట్టుకుని తీగ మీద నెమ్మదిగా జరిపి చూపించారు. ఆ తరవాత వచ్చిన స్వరం గది బయట నిలబడిన మాకు కూడా తేడా తెలిసేంత వేరుగా వినిపించింది. టికెట్టు కొని విన్న కచేరీలు నాకు ఎన్నో ఉన్నాయి గానీ, ఒక స్వరం కుదురుకోవడాన్ని అంత దగ్గరగా చూసిన సందర్భం మరొకటి లేదు. ఇక్కడ ఫొటోలు, వీడియోలు తీయకుండా ఉంటే పిల్లలకు మేలు చేసినవారవుతారు.

గురజాడ అప్పారావు గారు నివసించిన ఇల్లు కోటకు దగ్గరలోనే ఉంది, స్మారక భవనంగా నిలిపారు. ఆయన రాసిన కన్యాశుల్కం నాటకాన్ని మొదట ప్రదర్శించింది 1892లో, ఈ ఊళ్ళోనే. 1897లో అచ్చయి, 1909లో బాగా పెంచి రాసిన రెండో కూర్పు వచ్చింది. నాటకం చదివినవారు ఆ ఇంట్లో అరగంట కూర్చుంటే చాలా సంతోషిస్తారు, చదవనివారికి మాత్రం గోడల మీది వివరాలు చాలవు. కాస్త తెలిసినవారిని వెంట తీసుకువెళ్ళాలి. ఇక్కడి నాటకాభిమానులతో మాట కలిపితే సంభాషణ ఎటు తిరిగినా ఆ నాటకం ఆడి పేరు తెచ్చుకున్న జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి సోదరుల దగ్గరికి చేరుతుంది. రమణమూర్తి గారు వేసిన గిరీశం పాత్రను చూసినవారు ఆ నడకనూ, చుట్ట పట్టుకునే తీరునూ లేచి నిలబడి చేసి చూపిస్తారు. స్మారక భవనంలో దొరకని నాటక చరిత్ర టీకొట్టు దగ్గర దొరుకుతుందన్నది నా అనుభవం.

ఇక సినిమాల విషయం. పెద్ద సినిమాలు ఆడే థియేటర్లు ఇక్కడా ఉన్నాయి, వాటి కోసం ఇంత దూరం రానక్కరలేదు. నేను చెప్పేది ఊళ్ళోని కుర్రవాళ్ళూ, చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చిన ఉపాధ్యాయులూ కలిసి తీసుకున్న లఘుచిత్రాల గురించి. ఒక గ్రంథాలయం మేడ మీది హాల్లో వాటిని వేశారు. ప్రవేశం ఉచితం, గుమ్మం దగ్గర ఒక అట్టపెట్టె పెట్టి తోచినంత వేయమన్నారు. కిటికీలకు తెరలు లేవు కనుక పూర్తిగా చీకటి పడేదాకా ప్రదర్శన మొదలు కాలేదు. ప్రొజెక్టరు బాగానే ఉంది, బొమ్మ స్పష్టంగా పడింది. ధ్వని మాత్రం అన్యాయం. ముందు వైపు రెండే స్పీకర్లు, చుట్టూ ఉత్త గోడలు, పైన ఫ్యాన్ల మోత, వెనక వరసల్లో సగం మాటలు అర్థం కాలేదు. మధ్య వరసల్లో కూర్చుంటే నయం.

ఆ రోజు చూసినవాటిలో నా మనసులో నిలిచినది జూట్ మిల్లు మూతబడిన ఒక కుటుంబం కథ. నెల్లిమర్ల వైపు జూట్ మిల్లులతో బతికిన ఇళ్ళు ఎన్నో ఉన్న జిల్లా ఇది, హాల్లో ఉన్నవారిలో చాలామందికి ఆ కథ పరాయిది కాదు. లాకౌట్ అయ్యాక కూడా తండ్రి తెల్లవారుజామున షిఫ్టు వేళకే లేస్తాడు, ముఖం కడుక్కుంటాడు, క్యారేజీ గిన్నె తీసి చూసి, మళ్ళీ గూట్లో పెడతాడు. ఇంత విషయానికి ఒక్క మాట కూడా వాడలేదు. గోగునార ఒలిచి ఒలిచి పగిలిన తల్లి చేతులను కెమెరా చాలాసేపు చూపిస్తుంది, ఆ చేతులు నటించే మనిషివి కావని చూడగానే తెలుస్తుంది. పాత్రలు మాట్లాడేది పూర్తిగా ఇక్కడి యాస. పెద్ద సినిమాల్లో ఈ యాసను నవ్వు పుట్టించడానికే ఎక్కువగా వాడతారు. ఇక్కడ అదే యాసలో ఒక తండ్రి కొడుకుతో అప్పు సంగతి చెబుతుంటే హాలంతా కదలకుండా కూర్చుంది.

సినిమా అయ్యాక జరిగిన చర్చ సినిమా అంత విలువైనది. తీసినవారు ముందుకు వచ్చి నిలబడ్డారు, నటించినవారు ప్రేక్షకుల మధ్యే ఉన్నారు. మిల్లులో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన లేచి, “సైరన్ మోగీగానే అంత బేగి ఎవుడూ కదలడు బావూ, ముందు మిషను ఆగాల,” అన్నాడు. దర్శకుడైన కుర్రాడు వెంటనే చిన్న పుస్తకం తీసి రాసుకుని, “అవును తాతా, అది మారుస్తాను,” అన్నాడు. తీసిన సినిమాను ఎవరి బతుకు గురించి తీశారో వారే కూర్చుని చూసి, తప్పు దిద్దడం, దాన్ని తీసినవాడు వినయంగా స్వీకరించడం నగరాల్లోని చిత్రోత్సవాల్లో దొరకదు. కథల విషయంలో కొన్ని చిత్రాలు బలహీనంగా ఉన్నాయి, రెండింటిలో నేపథ్య సంగీతం మాటలను మింగేసింది, ఒకటి సందేశం కోసమే తీసినట్టుంది. అయినా ఆ సాయంత్రాన్ని నేను ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పైన పెడతాను.

ఇటువంటి ప్రదర్శనలు ఎప్పుడు, ఎక్కడ జరుగుతాయో చెప్పే ఒక చోటంటూ ఊళ్ళో లేదు, బయటివారికి ఉన్న అసలు ఇబ్బంది ఇదే. సంగీత కళాశాల నోటీసు బోర్డు, గ్రంథాలయాల గుమ్మాలు, పుస్తకాల షాపు గోడలు చూసుకోవాలి, లేకపోతే తెలిసినవారి వాట్సాప్ గ్రూపులో చేరాలి. గంటస్తంభం దగ్గర నెలవారీ కార్యక్రమాల బోర్డు ఒకటి పెట్టి, ఒక చిన్న హాలుకు మందపాటి తెరలూ, సరైన స్పీకర్లూ అమర్చితే చాలు, ప్రేక్షకులు ఇప్పటికే ఉన్నారు. ఆనంద గజపతి ఆడిటోరియం వంటి పెద్ద వేదికలు పెద్ద సభలకు బాగుంటాయి గానీ, యాభై అరవై మంది చూసే సినిమాకు సరిపడవు. రాత్రి తొమ్మిది దాటాక షేర్ ఆటోలు పలచబడతాయి, బేరం మాట్లాడుకున్న ఆటో అయితే మంచిది. మమ్మల్ని తీసుకువెళ్ళిన డ్రైవరు సినిమా ముగిసేదాకా మేడ కింద ఆగి, వెయిటింగుకు అదనంగా ఏమీ అడగలేదు.

భోజనానికి మెస్సులు చాలు, పనసపొట్టు కూర పెట్టిన రోజున తప్పక తినాలి. ఉదయం బండి మీది పూరీ, బొంబాయి చట్నీ హోటల్ టిఫిన్ కన్నా బాగున్నాయి. ఎండ రోజుల్లో చోడి (రాగి) అంబలి దొరుకుతుంది.

ఒక పగలు వీణలు చేసే ఊరు, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లికి కేటాయించాలి. విజయనగరం నుంచి రైలూ బస్సూ రెండూ ఉన్నాయి, బస్సే ఎక్కువ వీలు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఒకే పనసదుంగను తొలిచి కుండ (గుండ్రటి బోలు భాగం), దండి (పొడవాటి మెడ) కలిసి ఉండేలా చెక్కడం దీని ప్రత్యేకత, అందుకే ఏకాండ వీణ అంటారు. మేము వెళ్ళిన పనిచోటులో ఒకాయన కుండ లోపలి చెక్కను ఉలితో తీస్తూ, మధ్య మధ్య వేలి కణుపుతో బయట తట్టి చెవి పెట్టి వింటున్నాడు. గోడ ఎంత పలచబడిందో కొలబద్దతో చూడడా అని అడిగితే, చెక్క చెక్కకూ లెక్క మారుతుందనీ, చప్పుడే చెబుతుందనీ అన్నాడు. ఇంకొకరు నల్లటి మైనపు వరస మీద మెట్లు, అంటే తీగను నొక్కే చోట్ల ఉండే లోహపు కడ్డీలు, కూర్చుతున్నారు. మొత్తం 24 మెట్లు, ఒక్కొక్కటి పెట్టి తీగ మీటి, వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ మీటుతున్నారు. జ్ఞాపికలుగా కొనే చిన్న వీణలు అక్కడికక్కడే దొరుకుతాయి, ధర మీద గట్టిగా బేరమాడడం నాకు నచ్చదు. ఒక్కదాని వెనక ఉన్న పనిని కళ్ళారా చూశాక మీకూ మనసు రాదు. ప్యాకింగు మాత్రం అట్టపెట్టెతో సరిపెట్టారు, దూరం వెళ్ళేవారు మెత్తటి గుడ్డ తెచ్చుకోవాలి.

రోజు మిగిలితే శ్రీకాకుళం వెళ్ళి కథానిలయం చూడవచ్చు. కాళీపట్నం రామారావు గారు 1997లో తెలుగు కథల కోసమే నెలకొల్పిన గ్రంథాలయం అది. లఘుచిత్రానికి కథ వెతుక్కునే కుర్రవాళ్ళకు దీనికన్నా మంచి చోటు నాకు తెలియదు. ముందుగా ఫోను చేసి, ఎవరైనా ఉంటారని రూఢి చేసుకుని వెళ్ళాలి. రైల్లో వచ్చేవారు దిగవలసిన శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉంది, అక్కడి నుంచి పట్నానికి ఆటోలూ బస్సులూ తిరుగుతుంటాయి.

కాలం విషయానికి వస్తే, దసరా తరవాత వచ్చే మంగళవారం నాటి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం సమయంలో తప్పెటగుళ్ళు చూసే అవకాశం ఎక్కువ. ఛాతీకి కట్టుకున్న రేకు వాయిద్యాన్ని రెండు చేతులా వాయిస్తూ, గజ్జెకాళ్ళతో ఎగురుతూ పాడే ఆ బృందాన్ని ఒక్కసారైనా దగ్గర నుంచి చూడాలి. అయితే ఆ రోజుల్లో గదులు దొరకవు, దొరికినా అద్దెలు పెరుగుతాయి, రోడ్ల మీద కదలడం కష్టం. జాతర కోసం వచ్చేవారు నెల ముందే గది ఖాయం చేసుకోవాలి, సంగీతం, సినిమా, వీణల కోసం వచ్చేవారు డిసెంబరు, జనవరి నెలల్లో సంక్రాంతి సెలవులు తప్పించి రావాలి, అప్పుడైతే కళాశాలలో తరగతులూ జరుగుతుంటాయి, పగటిపూట గొల్లపల్లి వెళ్ళి రావడానికి ఎండా ఉండదు.