గోడ మీదికి వచ్చిన పాత సినిమా: మూడు పోస్టర్ల పునర్ముద్రణలపై సమీక్ష

మా హాల్లో సోఫా వెనక గోడ కోసం, పాత తెలుగు సినిమా పోస్టర్లను మళ్లీ ముద్రించి అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి ‘మల్లీశ్వరి’ (1951), ‘మాయాబజార్’ (1957), ‘సాక్షి’ (1967) పోస్టర్లు తెప్పించుకున్నాను. నాలుగు నెలలుగా వాటిని పగటి వెలుతురులోనూ, రాత్రి దీపాల కిందా చూస్తూనే ఉన్నాను. పెట్టిన డబ్బుకు రెండు పోస్టర్లు పూర్తిగా న్యాయం చేశాయి. మూడోది మాత్రం నన్ను చాలా నొప్పించింది.

ఈ మూడూ నలుపు తెలుపు చిత్రాలే. వాటి పోస్టర్లలో మాత్రం రంగులు పొంగి పొర్లుతాయి. స్టిల్ ఫొటోను ఎదురుగా పెట్టుకొని, నాయిక చీరకు ఏ రంగు వేయాలో, నగ మీద ఎంత పసుపు మెరవాలో, వెనక ఆకాశం ఎంత ముదురుగా ఉండాలో పోస్టర్ గీసే ఆర్టిస్టే తేల్చుకోవలసి వచ్చేది. 2010లో ‘మాయాబజార్’ను కంప్యూటర్ సాయంతో రంగుల్లోకి మార్చి విడుదల చేసేదాకా, ఆ సినిమాకు రంగులంటే ప్రేక్షకుడికి తెలిసినవి గోడ మీద పోస్టరూ, చేతిలో పాటల పుస్తకం అట్టా మాత్రమే. తెరపై లేని రంగులను ఊహించి జనానికి చూపిన పని కనుకనే ఈ బొమ్మలకు ఇంటి గోడ మీద చిత్రకళగా నిలిచే అర్హత ఉందని నేను నమ్ముతాను.

అక్షరాల సంగతి ఇంకా గొప్పది. అప్పట్లో సినిమా పేరును కుంచెతో రాసేవారు. ఒకే పేరులో రెండుసార్లు వచ్చిన దీర్ఘం రెండు చోట్లా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండదు; పక్క అక్షరానికి చోటిస్తూ ఒకచోట కాస్త ఒదుగుతుంది, మరోచోట సాగుతుంది. కంప్యూటర్ ఫాంట్లకు అలవాటు పడిన కంటికి ఈ చిన్న తేడా ఎంతో హాయినిస్తుంది. బాపు దర్శకుడిగా తొలి చిత్రమైన ‘సాక్షి’తోనే పోస్టర్ల రంగంలో అడుగుపెట్టిన పాలకొల్లు కళాకారుడు ఈశ్వర్, ఆ తరవాత 2,000కు పైగా చిత్రాలకు పనిచేశారు. అంతటి ప్రయాణానికి మొదటి మజిలీ కనుక ఆ పోస్టర్‌ను గుమ్మానికి ఎదురుగా పెట్టుకున్నాను.

ఇక ముద్రణ విషయం. ‘సాక్షి’ని భూతద్దంతో చూస్తే పాత ఆఫ్‌సెట్ ముద్రణలోని రంగు చుక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయంటే, అసలు ప్రతిని శ్రద్ధగా స్కాన్ చేశారన్నమాట. ‘మల్లీశ్వరి’లో మడత గీతలను కూడా అలాగే ఉంచారు. థియేటర్లకు పంపేటప్పుడు పోస్టర్లను మడిచి కట్టలు కట్టేవారు కాబట్టి ఆ గీతలు దాని చరిత్రలో భాగమే. చెక్కిలి మీద గులాబీ రంగు పసుపులోకి జారే చోట కుంచె ఆగిన గుర్తు కూడా చెరగలేదు.

‘మాయాబజార్’ దగ్గరే దుకాణం తప్పు చేసింది. మడతలు కనపడకూడదని కంప్యూటర్‌లో బొమ్మను ఎంత నున్నగా తుడిచారంటే, కుంచె గీతలతో పాటు ముఖాల్లోని జీవం కూడా పోయింది. చిన్న బొమ్మను పెద్దది చేసినందువల్ల అక్షరాల అంచులు చదరాలు చదరాలుగా విరిగిపోయాయి. పైగా ఆనాటి మామూలు పోస్టర్ కొలత 30 × 40 అంగుళాలు. అదే నిష్పత్తిలో ఉన్న 18 × 24 సైజులో మిగతా రెండు పోస్టర్లూ నిండుగా వచ్చాయి. పెద్దదిగా ఉంటుందన్న ఆశతో దీన్ని మాత్రం 24 × 36లో తీసుకున్నాను. ఆ నిష్పత్తి వేరు కావడంతో రెండు పక్కలా కోత పడి, అంచున ఉన్న పేరు సగానికి తెగింది. ఇలా కోత పడుతుందని కొనేముందు చెప్పవలసిన బాధ్యత దుకాణానిదే. ఫిర్యాదు చేశాక సగం డబ్బు వాపసు ఇచ్చారు.

అసలు ప్రతులే కావాలనుకునేవారు జాగ్రత్తగా ఉండాలి. మైదా జిగురుతో అంటించి, వానకు తడిసి, వారం తిరగ్గానే వాటిమీదే మరో సినిమా పోస్టర్ పడిన కాగితాలవి. బాగున్న ప్రతి వెయ్యి రూపాయలకు దొరుకుతుందంటే నమ్మకండి.

ఫ్రేమ్ కట్టే చోట పోస్టర్‌ను చెక్కకు జిగురుతో అంటిస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. మౌంట్ బోర్డు పెట్టించి, అద్దానికీ కాగితానికీ మధ్య కాస్త ఎడం ఉంచమన్నాను. ఎండ నేరుగా పడే గోడ కూడా పనికిరాదు. అన్నిటికంటే ముందు ఎరుపే వెలిసిపోతుంది.

‘మాయాబజార్’ను మడతలతో సహా 18 × 24లో ముద్రించి ఇస్తామంటే అదే దుకాణంలో మళ్లీ కొంటాను. మధ్యలో కొట్టిన మేకును ఇంకా పీకలేదు.