ఒకరోజు పిల్లకి రెక్క నిండా ఈకలా? ఆ వీడియోల ఆయన దగ్గర కోడిపిల్లలు కొనేముందు ఇది చదవండి

కోపం మీద రాస్తున్నాను, ముందూ వెనకా అయితే సర్దుకుని చదువుకోండి.

ఎవరి గురించో పేరు చెప్పక్కర్లేదు. దోసిట్లో పిల్లల్ని పట్టుకుని, వెనకాల మెత్తటి పాట పెట్టి, పెరట్లో కోళ్ళు తిరిగితే ఇంటికే కళ అని చెప్పే ఆయనే. మీలో చాలామంది చూసే ఉంటారు. నేను చూసి ఊరుకోలేదు, పాతిక పిల్లలకి డబ్బు మొత్తం ముందే కట్టేశాను. ఎవరైనా మొత్తం ముందే కడతారా అంటారేమో. కడతారు. నాలాంటి తెలివైనవాళ్ళు కడతారు.

డబ్బా ఆదివారం వచ్చింది. పాతిక అడిగితే ఇరవై ఏడు వేశాడు. "రెండు మా తరఫున బహుమతి మేడమ్" అన్నాడు. ఇవాళ శుక్రవారం. ఇరవై ఏడులో పదిహేను మిగిలాయి. అందులో ఒకటి కాలు ఈడుస్తోంది.

కొనేముందు మాట్లాడిన మాటలు ఇప్పుడు గుర్తుచేసుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆయన్ని "అన్నయ్యా" అని పిలిచాను కూడా. "అన్నయ్యా, టీకాలు వేశారా?" అని అడిగా. "వేశాం మేడమ్." "ఏ టీకా?" "అన్నీ." "అన్నీ అంటే?" "అన్నీ అంటే అన్నీ మేడమ్, మీరు నిశ్చింతగా ఉండండి." నేను నిశ్చింతగా ఉన్నాను. ఒకరోజు పిల్లకి అన్ని టీకాలూ ఎలా వేస్తారని ఒక్క నిమిషం ఆలోచిస్తే సరిపోయేది. పుట్టిన రోజున మెడ చర్మం కింద ఇచ్చేది మారెక్స్ టీకా, కాళ్ళూ రెక్కలూ చచ్చుబడిపోయే జబ్బు రాకుండా. కొక్కెర తెగులుకి కంట్లోనో ముక్కులోనో వేసే చుక్క మామూలుగా ఐదు నుంచి ఏడు రోజుల మధ్య. రోగాల్ని తట్టుకునే శక్తిని దెబ్బతీసే గంబోరో జబ్బుది రెండో వారంలో. అన్నీ వేసేశాడంటే ఆ పిల్లకి కనీసం రెండు వారాలైనా ఉండాలి, లేకపోతే ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండకూడదు. రెండోదే నిజం.

"అన్నీ పెట్టలే కదా?" అని కూడా అడిగాను. "నేను కళ్ళు చూసి చెప్పేస్తాను మేడమ్, ఇరవయ్యేళ్ళ అనుభవం" అన్నాడు. కళ్ళు చూసి! పుట్టిన పిల్లలో పుంజేదో పెట్టేదో తెలియాలంటే వెనక ద్వారం నొక్కి చూసే నేర్పు ఉండాలి, దానికి ప్రత్యేకంగా శిక్షణ తీసుకున్నవాళ్ళే ఉంటారు. లేదా పుంజు ఒక రంగులో, పెట్ట ఇంకో రంగులో పుట్టేలా, రెక్క ఈకల పొడవులో తేడా ఉండేలా జత కట్టించిన రకాలు కావాలి. ఏరకుండా కలిపి ఇస్తే సుమారు సగం పుంజులే ఉంటాయి. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఆ "కళ్ళు చూసి" అన్న మాటకి మురిసిపోయాను. అనుభవం అంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

డబ్బా తెచ్చిన కుర్రాడు హడావిడిలో ఉన్నాడు. లోపల్నుంచి కియ్ కియ్ అని ఒకటే గోల. అబ్బ, ఎంత హుషారుగా ఉన్నాయో అనుకుని, విప్పకుండానే సంతకం పెట్టేశాను. కడుపు నిండి, ఒళ్ళు వెచ్చగా ఉన్న పిల్లలు అలా అరవవు, సన్నగా గొణుక్కుంటూ ఉంటాయి. చెవులు గింగురుమనేలా అరుస్తున్నాయంటే చలో ఆకలో దాహమో ఏదో ఉందన్నమాట. అవి ఏడుస్తుంటే నేను మురిసిపోతూ వీడియో తీసుకున్నాను. ఆ వీడియో ఇప్పుడు ఫోన్‌లో ఉంది, తీసేయడానికి చెయ్యి రావట్లేదు.

మూత తీస్తే మూడు అప్పటికే చచ్చి ఉన్నాయి. ఒక మూల మిగతావాటి కాళ్ళ కింద నలిగి, పలచగా అట్టకి అతుక్కుపోయాయి. ప్రయాణంలో మామూలే అని నాకు నేనే చెప్పుకుని, సాయంత్రం గోడ పక్కన గొయ్యి తీసి పూడ్చేశాను. ఫోటో తీయలేదు. చచ్చిన పిల్లలకి ఫోటో ఏమిటి అనుకున్నాను.

సోమవారం పొద్దున్నే బ్రూడర్‌లో, అంటే బల్బు వేడి కింద పిల్లల్ని ఉంచే చోట, ఇంకో నాలుగు పోయాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఆయన తప్పంతా దీనిమీదకే నెట్టాడు. నేను ఏర్పాట్లు సరిగ్గానే చేశాను. కింద పొట్టు పరిచాను, నున్నటి కాగితం పెడితే కాళ్ళు జారి పక్కలకి విడిపోతాయని తెలుసు. నీళ్ళ పళ్ళెంలో మునిగిపోకుండా గోళీలు వేశాను. వచ్చిన ప్రతి పిల్ల ముక్కూ ఒకసారి నీళ్ళలో ముంచి తాగించాను. బల్బు కింద 34 డిగ్రీలు. రాత్రి రెండింటికి లేచి కూడా చూశాను, పిల్లలు బల్బు కింద కుప్పగా పడిలేవు, దూరంగా పారిపోయి నోరు తెరిచి రొప్పడమూ లేదు. చక్కగా పరుచుకునే పడుకున్నాయి. అయినా పోయాయి.

ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు, మూడోసారికి ఎత్తాడు. నేను చెప్పింది విని, చాలా మర్యాదగా, "అయ్యో, ఏడు పోయాయా మేడమ్. ఫోటో పెట్టండి, ఏడూ ఒక్క ఫోటోలో రావాలి. లెక్క చూసుకుని ఏడు పంపించేస్తాను" అన్నాడు. మూడింటిని నిన్ననే పూడ్చేశానని చెప్పాను. "అదేంటి మేడమ్, ఆధారం లేకుండా నేనెలా పంపుతాను? ఏడూ కనపడాలి" అన్నాడు.

పార తీసుకెళ్ళి గొయ్యి తవ్వాను.

మా చిన్నది వెనకే వచ్చి నిలబడింది. నిన్న వాటిమీద పువ్వు పెట్టింది తనే. "అమ్మా, మళ్ళీ బయటికెందుకు తీస్తున్నావు?" అంది. ఏం చెప్పను? "ఆ అంకుల్ చూస్తాడంట" అన్నాను. మట్టంతా నూగుకి అంటుకుపోయి, పిల్లలో మట్టిగడ్డలో తెలియకుండా ఉన్నాయి. ఫోటోలో సరిగ్గా కనపడవేమోనని కుళాయి కింద పెట్టి కడిగాను. చచ్చిన కోడిపిల్లల్ని కడిగి, పాత తువ్వాలు మీద ఆరబెట్టి, ఏడింటినీ వరసగా, తలలన్నీ ఒకే వైపుకి వచ్చేలా సర్ది ఫోటో తీశాను. పెళ్ళి ఫోటో తీసేవాడు కూడా అంత శ్రద్ధగా నిలబెట్టడు.

పంపిన నిమిషంలో నీలం గీతలు పడ్డాయి. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకే ఒక్క వాక్యం వచ్చింది: "ఇవి మా పిల్లలేనని గ్యారంటీ ఏంటి మేడమ్?"

దాన్ని ఎన్నిసార్లు చదివానో. ఏడు పిల్లలు పోయినందుకు కూడా నాకు అంత ఏడుపు రాలేదు. ఈ మాట అనేవాడివి ముందే అనొచ్చుగా? తవ్వించి, కడిగించి, పరిపించి, అప్పుడా అనడం? ఇవ్వకూడదని ఫోన్ ఎత్తినప్పుడే అనుకున్నాడు. మూడు దొరకవు కాబట్టి తప్పించుకోవచ్చని ఫోటో అడిగాడు. నేను తవ్వి తీస్తానని ఊహించి ఉండడు, పాపం.

నేను కోపంగా ఏదో రాశాను. దానికి, "మీరు చలికి వదిలేసి ఉంటారు" అన్నాడు. 34 డిగ్రీలు చూపిస్తున్న థర్మామీటర్ ఫోటో పంపాను. వచ్చిన జవాబు అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "పిల్లల్ని థర్మామీటర్‌తో కాదు మేడమ్, ప్రేమతో పెంచాలి." కింద రెండు దణ్ణాల బొమ్మలు.

మంగళవారం ఇంకో మూడు పోయాయి. వాటిని తీసుకుని పశువుల డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాను, బతికున్న నాలుగింటిని కూడా అట్టపెట్టెలో పెట్టుకుని. ఆయన చచ్చినదాన్ని వెల్లకిలా తిప్పి నాకు చూపించారు. పొట్ట ఉబ్బి ఉంది. బొడ్డు దగ్గర నల్లటి తడి చెక్కు, చుట్టూ నూగు అట్టకట్టుకుపోయి ఉంది. ఆరోగ్యంగా పుట్టిన పిల్లకి బొడ్డు పూర్తిగా మూసుకుని, వేలితో తడిమినా తగలకుండా ఉండాలట. పొట్ట కోయగానే గదంతా కంపు. లోపల పచ్చసొన సంచి అలాగే ఉంది, ఆకుపచ్చగా నీళ్ళ నీళ్ళుగా కుళ్ళిపోయి. పొదిగిన గుడ్లు మురికివైనా, పొదిగే పెట్టె సరిగ్గా కడగకపోయినా బొడ్డు మూసుకునేలోపు సూక్ష్మక్రిములు చేరిపోతాయని, మొదటి వారంలోనే ఇలా రాలిపోతాయని చెప్పారు. "ఇది మీ ఇంట్లో వచ్చింది కాదమ్మా, పుట్టిన చోటే వచ్చింది" అన్నారు. ఆ ఒక్క మాటకి నేను అక్కడే కుర్చీలో కూలబడ్డాను. రెండు రోజులుగా నా చేతులతో నేనే చంపుకున్నాననుకుంటున్నాను మరి.

తర్వాత ఆయన బతికున్నవాటి రెక్క ఒకటి విప్పి పట్టుకుని, "ఇది ఎన్ని రోజుల పిల్లన్నారు?" అని అడిగారు. శనివారం పుట్టిందన్నారండీ అన్నాను. ఆయన నవ్వారు. పుట్టిన రోజు పిల్లకి రెక్క అంచున సన్నటి పుల్లల్లాంటివి ఉంటే ఉంటాయి. దీనికి విసనకర్రలాగా విచ్చుకున్న ఈకలున్నాయి. ఆదివారం వచ్చేసరికే నాలుగైదు రోజుల పిల్ల అయి ఉండాలన్నారు. నేను తీసుకెళ్ళిన నాలుగింటిలో రెండు అలాంటివే.

అప్పుడు వెలిగింది నాకు. కోడిపిల్ల గుడ్డులోంచి వచ్చేముందు మిగిలిన పచ్చసొనని పొట్టలోకి లాక్కుంటుంది. ఆ బలంతోనే రెండు మూడు రోజులు తిండీ నీళ్ళూ లేకపోయినా నిలబడుతుంది. ఒకరోజు పిల్లల్ని డబ్బాలో పెట్టి దూరాలు పంపగలుగుతున్నది అందుకే. నాలుగైదు రోజుల పిల్లకి ఆ సొన ఇంకా ఎక్కడుంటుంది? దాన్ని నీళ్ళు లేకుండా ఒకటిన్నర రోజు డబ్బాలో పెడితే ఎండిపోయి చస్తుంది. ఇంటికొచ్చి సోమవారం తీసిన ఫోటో మళ్ళీ చూశాను, డబ్బాలో చచ్చిన మూడింటికీ రెక్కల ఈకలున్నాయి. తర్వాత పోయినవన్నీ చిన్నవి, పొట్ట ఉబ్బినవి. అంటే అమ్ముడుపోక మిగిలిన పాత పిల్లలు కొన్ని, పనికిరావని పక్కన పెట్టాల్సిన బొడ్డు ఆరనివి కొన్ని, మధ్యలో నాలుగు మంచివి వేసి లెక్క నింపాడు. పైగా రెండు బహుమతి. ఆయన నన్ను అడిగిన ఆధారం ఆయన అడిగిన ఫోటోలోనే ఉంది.

ఇదంతా రాసి, రెక్కల ఫోటోలతో సహా పంపాను. "కోడిగుడ్డు మీద ఈకలు పీకకండి మేడమ్" అని వచ్చింది. గుడ్డు మీద కాదయ్యా, ఒకరోజు పిల్ల అన్నదాని మీద ఇన్ని ఈకలు ఎక్కడివని అడుగుతున్నాను, అని రాశాను. ఒక్క గీతే పడింది. ఇంతవరకూ ఒక్క గీతే ఉంది. నన్ను బ్లాక్ చేశాడు.

బుధ, గురువారాల్లో ఇంకో రెండు. మా అత్తయ్య మాత్రం మొదటి రోజే అన్నారు, "తల్లికోడి కింద పొదిగించుకుంటే ఇరవై ఒక్క రోజులు, ఆ మాత్రం ఆగలేకపోయావా" అని. ఆగలేకపోయాను అత్తయ్యా.

ఇవాళ పొద్దున ఆయన కొత్త వీడియో పెట్టాడు. అదే దోసిలి, అదే పాట. అన్నీ పెట్టలేనా అని కింద ఎవరో అమ్మాయి అడిగింది. "అవును మేడమ్, టీకాలు కూడా అయిపోయాయి" అని జవాబు. అది చూశాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

కొనేవాళ్ళు ఎవరి దగ్గర కొన్నా సరే, ఏ తేదీన పుట్టాయో, ఏ టీకా ఏ రోజు వేశారో రాతపూర్వకంగా అడగండి. "అన్నీ" అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బా తెచ్చిన మనిషి ఉండగానే విప్పి, వీడియో తీస్తూ ప్రతి పిల్లనీ వెల్లకిలా తిప్పి బొడ్డు చూడండి, రెక్క విప్పి చూడండి. చచ్చినవి ఉంటే పూడ్చేముందే ఫోటో తీసుకోండి, నాలాగా తర్వాత తవ్వుకోకుండా. ఇంట్లో ముందే కోళ్ళుంటే కొత్తవాటిని కొన్ని వారాలు దూరంగా ఉంచండి, ముందు పాతవాటి పని చూసుకుని తర్వాతే వీటి దగ్గరికి వెళ్ళండి.

ఆ కాలు ఈడ్చేది నీళ్ళ పళ్ళెం దాకా రాలేకపోతోంది. గంటకోసారి నేనే ముక్కు ముంచి తాగిస్తున్నాను. వెళ్ళాలి.