మెటాసైకిల్: ఆరేళ్ల వాడకం తరువాత

ఇరవై నాలుగు గంటల లయలో చురుకుదనం హెచ్చుతగ్గులయ్యే జన్యువులను పట్టుకోవడానికి, గణాంకాలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పనిచేసే మెటాసైకిల్ ప్యాకేజీని ఆరేళ్లుగా వాడుతున్నాను. 2016లో వెలువడిన ఈ ప్యాకేజీ ఆర్సర్, జేటీకే సైకిల్, లోంబ్-స్కార్గిల్ అనే, లయను వెతికే మూడు పద్ధతులను ఒకే ఆదేశంతో నడిపి, వాటి పి-విలువలను (లయ లేకున్నా యాదృచ్ఛికంగా అలాంటి ఫలితం వచ్చే సంభావ్యతలను) కలిపి ఒక్క అంకెగా అందిస్తుంది. మొదట్లో నన్ను ఆకట్టుకున్నది ఆ ఒక్క అంకే. ఇప్పుడు నేను ఎక్కువగా అనుమానించేదీ దానినే.

కారణం చెబుతాను. పి-విలువలను కలపడానికి ప్యాకేజీ మామూలుగా ఫిషర్ పద్ధతిని వాడుతుంది. ఆ పద్ధతికి పరీక్షలు ఒకదానిపై ఒకటి ఆధారపడకుండా ఉండాలి. ఇక్కడ మూడూ పరిశీలించేది అదే డేటాను కనుక, కలిపిన విలువ ఉండవలసిన దానికంటే చిన్నదవుతుంది, లయ గలవిగా తేలే జన్యువుల జాబితా పొడవవుతుంది. అందుకే నేను ఫలితాల పట్టికలో జేటీకే గడినే చూస్తాను. అది కొలతల పరిమాణాన్ని కాక వాటి వరుస క్రమాన్ని కొసైన్ తరంగంతో పోలుస్తుంది. ఒక నమూనా పాడై విపరీతమైన అంకె వచ్చినా అంతగా చెదరదు. అయితే నిలువుగా లేచి మెల్లగా దిగే రంపపు పళ్లలాంటి తరంగాలను తక్కువగా అంచనా వేస్తుంది. వాటికి 2014 నాటి రెయిన్ అనే పద్ధతి మెరుగు.

ఆలస్యంగా గమనించినది మరొకటి ఉంది. ప్రతి సమయానికీ రెండు మూడు నమూనాలుంటే ఆర్సర్ పనిచేయదు, ప్యాకేజీ దానిని పక్కన పెట్టేస్తుంది. అంటే మూడు పద్ధతుల ఫలితమని నేను చెప్పుకున్నది కొన్నాళ్లు రెండింటి ఫలితమే.

ఏ పద్ధతైనా నమూనాల సాంద్రతను మించి చూడజాలదు. గంటకొకసారి 48 గంటలపాటు సేకరించిన 2009 నాటి ఎలుక కాలేయపు డేటాలో నాలుగు గంటలకొక నమూనాను మాత్రమే ఉంచి చూశాను: డీబీపీ, బీమాల్1 వంటి గట్టి లయ గల జన్యువులు నిలిచాయి, బలహీనమైనవి చాలావరకు జారిపోయాయి. రెండు గంటలకొకసారి, రెండు పూర్తి రోజులు అన్న, ఇలాంటి ప్రయోగాలకు ఉద్దేశించిన 2017 నాటి మార్గదర్శకాల మాట ఊరికే చెప్పింది కాదు. ఒకప్పుడు నేను ఒక్కరోజు డేటానే రెండుసార్లు అతికించి 48 గంటలుగా చూపాను. లయ గల జన్యువులు కుప్పలుగా వచ్చాయి, అన్నీ ఆ అతుకు పుణ్యమే.

రెండు పరిస్థితులను పోల్చవలసి వస్తే ఈ ప్యాకేజీ జోలికి పోను. ఒకదానిలో పి-విలువకు పెట్టుకున్న గీత దాటి మరొకదానిలో దాటని జన్యువును లయ కోల్పోయినదిగా రాయడం తప్పు కాబట్టి, ఆ పనికి, పరిస్థితుల మధ్య లయలను నేరుగా పోల్చే డ్రైఆర్ అనే ప్యాకేజీని వాడుతున్నాను.