ఫెవికాలా, డబుల్ టేపా, గ్లూ గన్నా: అట్ట అతకడానికి ఏది మేలు?

ప్రాజెక్టు గడువు ముంచుకొచ్చేసరికి డిజైన్ చదివే పిల్లల చెయ్యి ముందు గ్లూ గన్ మీదికే పోతుంది. నిమిషంలో గట్టిపడుతుంది, పట్టుకుని కూర్చోనక్కర్లేదు. తిరుపతిలో మాత్రం దాన్ని నేను ఆఖరున పెడతాను. కరిగి అతుక్కున్న జిగురు వేడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారులో మోడల్ పెట్టి వెళ్తే, తిరిగొచ్చేసరికి అతుకులు జారి ఉండొచ్చు. పైగా జిగురు లావుగా పడుతుంది కాబట్టి మూలలు కలవవు, దారాలు సాగి కనిపిస్తాయి. వేడి ముక్కు తగిలితే థర్మాకోల్‌కు గుంట పడుతుంది. లోపల కనపడని చోట పుల్లో, తీగో నిలబెట్టడానికి అది బాగా పనికొస్తుంది.

అట్ట పెట్టెకైతే నా ఓటు ఫెవికాల్‌కే. అందులోని నీరు అట్టలోకి ఇంకుతుంది, జిగురు పీచును పట్టేస్తుంది. బాగా ఆరిన అతుకును లాగి చూడండి: జిగురు ఊడదు, అట్టే పొరలుగా చిరుగుతుంది. అయితే ఆ నీటితోనే చిక్కు కూడా. ఎక్కువ పూస్తే అట్ట ఉబ్బి వంకర తిరుగుతుంది. పాత ఏటీఎం కార్డుతో పలచగా లాగండి, అంచున ఒక మిల్లీమీటరు వదిలేయండి, ఆరేదాకా క్లిప్పులు పెట్టండి. ఎండాకాలం ఫ్యాను కింద పూస్తే అతికించేలోపే పైన పొర కట్టేస్తుంది. నవంబరు వానల్లో అయితే రాత్రంతా వదిలేయాల్సిందే.

అతికించే రెక్క కూడా జిగురంత ముఖ్యం. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) అట్టకు రెక్క 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఉండాలి, దాని చివరలు ఏటవాలుగా కోయాలి. అట్టను రెండు వైపులా వంచి చూసి, ఏ వైపు సులువుగా వంగితే మడతలు ఆ వైపు వచ్చేలా షీటు మీద పెట్టె గీసుకోవాలి. సులువుగా వంగే వైపుకు అడ్డంగా మడిస్తే మడత మీద పగుళ్లొస్తాయి, ఎంత మంచి జిగురైనా వాటిని దాచలేదు.

ప్రింటును బోర్డు మీద పరవాలంటే మాత్రం డబుల్ టేపే మేలు. ఇంక్‌జెట్ రంగు చాలావాటిలో తడికి పాకుతుంది, టేపుతో ఆ టెన్షన్ లేదు. కానీ ఒకసారి పట్టుకుంటే సర్దలేం. పైకాగితం మొత్తం ఒకేసారి తీయకండి. ఒక అంచున రెండంగుళాలు తీసి అతికించి, మిగతాది కొంచెం కొంచెం లాగుతూ బట్టతో రుద్దుకుంటూ పోండి. పెట్టె రెక్కలకు టేపు వాడొద్దు. మడిచిన అట్ట ఎప్పుడూ వెనక్కి తన్నుతూ ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ టేపు జారిపోతుంది.

థర్మాకోల్‌కు రబ్బరు సొల్యూషన్ తగలనివ్వకండి, అందులోని ద్రావకం దాన్ని తినేస్తుంది. అక్కడా ఫెవికాలే, కాకపోతే ఆరడం ఆలస్యం.

చిత్తూరు నుంచి బస్సులో మోడల్ మోసుకొచ్చేవాళ్లకు వీటన్నిటికంటే గాడి అతుకు మంచిది. రెండు బోర్డులకూ ఎత్తులో సగం దాకా గాడి కోసి ఒకదాంట్లో ఒకటి దించితే జిగురుతో పనే లేదు. విప్పి ఫైల్లో పెట్టుకోవచ్చు, హాల్లో మళ్లీ నిలబెట్టొచ్చు. గాడి వెడల్పు బోర్డు మందమంతే ఉండాలి. వదులైతే ఊగుతుంది, బిగుతైతే అంచులు నలుగుతాయి. అసలు బోర్డు కోసే ముందు అదే బోర్డు తుంట మీద కోసి చూసుకోండి.